హెరాల్డ్ ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు: డ్రమ్ములు పీకకముందే తేల్చుకోవాల్సిన లెక్క

#1 · కావలి_హెరాల్డ్

బండి 1966 స్టాండర్డ్ హెరాల్డ్ (ట్రయంఫ్ హెరాల్డ్‌కి మన దేశపు రూపం). రెండు డోర్లు, 948 సీసీ, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకటే, లైనూ ఒకటే. పెడల్ మొదటిసారి తొక్కితే సగానికి పైగా దిగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగుతుంది. గట్టిగా పడితే ఎడమకి లాగుతుంది.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు డిస్కులు దీనికి కూర్చుంటాయని వినికిడి. మద్రాసులో ఒక వాడిన సెట్టు ఉంది: రెండు డిస్కులు, కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి రెండువైపులా నొక్కేవి), హబ్బులు. అంతే, బ్రాకెట్లు లేవు. అది తీసుకోవచ్చా? మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచొచ్చా? వెనక డ్రమ్ములు అట్టాగే వదిలేస్తే ఏమన్నా ఇబ్బందా?

#2 · లేతు_మాస్టర్_ఆటోనగర్

డిస్కుల సంగతి తర్వాత, ముందు ఉన్న జబ్బు ఏందో చూడండి. రెండో తొక్కుకి పెడల్ పైకొస్తోందంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైందని అర్థం. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి. మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల కప్పు (రబ్బరు సీలు) లీకు. మూడూ వేరు వేరు. మీది మొదటిది.

హెరాల్డ్ ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండు వీల్ సిలిండర్లు, రెండు షూలూ లీడింగే (తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కునే షూలు). కాబట్టి అడ్జస్టర్లు కూడా చక్రానికి రెండు. సగం మంది మెకానిక్కులు ఒకటి తిప్పి రెండోది మరిచిపోతారు. ఒక్కో అడ్జస్టర్‌ని చక్రం బిగుసుకునే దాకా తిప్పి, చక్రం వదులయ్యే దాకా వెనక్కి తిప్పాలి. కొంచెం రాసుకుంటున్న చప్పుడు వచ్చినా పర్లేదు. వెనక చక్రానికి ఒకటే అడ్జస్టర్, చదరపు తలది. దానికి చదరపు పానా వాడండి, మామూలు పానాతో పడితే మూలలు అరిగిపోతాయి.

వెనక ఇంకో సంగతి. అక్కడి వీల్ సిలిండర్ బ్యాక్‌ప్లేటు సందులో అటూ ఇటూ జరగాలి. ఒకే పిస్టన్ ఒక షూని తోస్తుంది, సిలిండర్ తనే వెనక్కి జరిగి రెండో షూని తోస్తుంది. తుప్పుపట్టి జరగడం ఆగిపోతే ఒక షూనే పనిచేస్తుంది, హ్యాండ్ బ్రేకూ పట్టదు. చేత్తో ఊపితే కదలాలి.

ఎడమకి లాగడం: కుడివైపు సిలిండర్లలో ఒకటి జామ్ అయ్యుండొచ్చు, కుడి లైనింగుకి ఆయిల్ అంటి ఉండొచ్చు, లేదా కుడివైపు రబ్బరు పైపు లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉండొచ్చు. పైకి బాగానే కనిపించే పాత రబ్బరు పైపుని నమ్మొద్దు. అది ఒకవైపు వాల్వులా తయారవుతుంది, తొక్కితే ఆయిల్ పోతుంది, వదిలితే వెనక్కి రాదు.

#3 · గూడూరు_మామ

ఈ బండి ఖాళీగా 800 కిలోల చుట్టూ ఉంటుంది. కొత్త లైనింగు, డ్రమ్ము నున్నగా లేతు మీద తీయించడం, కొత్త కిట్లు, కొత్త రబ్బరు పైపులు. ఇంతే చేస్తే చాలు, టైర్లు కీచుమనే దాకా పడుతుంది. బ్రేకు ఎంత పట్టినా బండిని ఆపేది టైరే కదా. పదేళ్ల నాటి గట్టిపడ్డ టైర్లు పెట్టుకుని డిస్కులు వెయ్యడం దండగ ఖర్చు.

#4 · ఒంగోలు_ఓవర్‌డ్రైవ్

మామ చెప్పింది ఒక్కసారి ఆపడానికి నిజం. పదిసార్లు ఆపడానికి కాదు. దాని గురించి దోర్నాల తమ్ముడు రాస్తాడు, నేను సామాన్ల గురించి చెబుతా.

హెరాల్డ్, స్పిట్‌ఫైర్, విటెస్, జీటీ6 అన్నీ ఒకే ట్రయంఫ్ కుటుంబం. ముందు సస్పెన్షన్ అమరిక ఒకటే, చక్రం బోల్టుల వలయం అన్నిటికీ 3.75 అంగుళాలు, నాలుగు బోల్టులు, 13 అంగుళాల చక్రం. స్పిట్‌ఫైర్ డిస్కు 9 అంగుళాలు, రెండు లీటర్ల విటెస్, జీటీ6లవి 9.7. హెరాల్డ్ ముందు డ్రమ్ము 8 అంగుళాలు, షూ వెడల్పు అంగుళం పావు. వెనక 7 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌లో వెనక కూడా అదే 7.

అన్నీ ఒకటే కదా అని విడివిడిగా ఏరుకోవద్దు. డిస్కూ కాలిపరూ హబ్బూ మాత్రమే ఉన్న సెట్టు సగం సెట్టు. నిలువు లింకు (స్టీరింగ్‌తో తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్క), స్టబ్ యాక్సిల్ (హబ్బు తిరిగే ఇరుసు), కాలిపర్ బ్రాకెట్, డస్ట్ షీల్డు, హబ్బు, స్టీరింగ్ ఆర్మ్ పట్టే బోల్టులు, ఇవన్నీ ఒకే బండి నుంచి ఊడదీసినవై ఉండాలి. బ్రాకెట్ లేదని ఇనపప్లేటు కోసి తయారుచేయిస్తే డిస్కు కాలిపర్ మధ్యకి రాదు, ప్యాడ్లు వంకరగా అరుగుతాయి. అంతకంటే పెద్ద సమస్య ఆ బ్రాకెట్ మోసే బరువు. బ్రేకు పట్టినప్పుడు చక్రం తిరిగే బలమంతా ఆ రెండు బోల్టుల మీదే పడుతుంది. వెల్డింగు బ్రాకెట్ మాట ఎవరన్నా అంటే వినొద్దు.

బ్రాకెట్ మందం వచ్చి చేరాక పాత బోల్టు పొట్టిదవుతుంది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులవకుండా పట్టేది) దాటి రెండు మరలైనా బయటికి కనబడాలి.

వాడిన డిస్కు కొనేటప్పుడు అంచుకి గోరు పెట్టి చూడండి. గట్టు బాగా తగిలితే, ఒక్కో వైపు అర మిల్లీమీటరు దాటితే, వదిలెయ్యండి. కాలిపర్ పిస్టన్ల క్రోమ్‌కి పొడలు లేచి ఉంటే కొత్త సీలు వేసినా నెలలో కారుతుంది. కొత్త పిస్టన్లు, వీలైతే స్టెయిన్‌లెస్‌వి. కాలిపర్ రెండు ముక్కల్నీ కలిపే బోల్టుల జోలికి మాత్రం పోవద్దు. పిస్టన్లు ఆ ముక్కలు విడదీయకుండానే గాలి ఒత్తిడితో బయటికొస్తాయి. మధ్యలో చెక్కముక్క పెట్టండి, వేళ్లు పెట్టొద్దు.

#5 · దోర్నాల_ఘాట్

నన్ను పిలిచారు కాబట్టి. నెల్లూరు, ఒంగోలు రోడ్లు పలకలా చదునుగా ఉంటాయి, డ్రమ్ము లోపం బయటపడదు. శ్రీశైలం నుంచి దోర్నాలకి ఘాట్ దిగండి, లేదా గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దాటండి, తెలుస్తుంది.

వేడెక్కితే డ్రమ్ము ఉబ్బుతుంది. షూ నుంచి దూరంగా జరుగుతుంది. షూ ఇంకా దూరం పోవాలి, అందుకే పెడల్ కిందికి పోతుంది. లైనింగు వేడికి దాని పట్టు తగ్గుతుంది. రెండు లీడింగ్ షూలున్న చోట ఇది ఇంకా దారుణం. ఎందుకంటే లీడింగ్ షూని డ్రమ్మే లాక్కుని తనలోకి ఒత్తుకుంటుంది, మీ కాలి బలం అక్కడ రెట్టింపవుతుంది. పట్టు నూటికి పది పాళ్లు తగ్గితే ఆ లాక్కోవడమూ తగ్గుతుంది, మొత్తం మీద పది పాళ్లు కాదు, అంతకంటే చాలా ఎక్కువ పోతుంది. ఒకవైపు ముందు వేడెక్కితే లాగడం కూడా మొదలవుతుంది.

డిస్కు వేడెక్కితే మందమవుతుంది, ప్యాడ్ వైపే వస్తుంది. గాలికి తెరుచుకుని ఉంటుంది. వానలో తడిసినా ఒక చుట్టులో ఆరిపోతుంది. తేడా ఇదే. ఆపే దూరం మొదటిసారి పెద్దగా తగ్గదు, ఆరోసారీ మొదటిసారి లాగే ఆగుతుంది.

అయినా ఎక్కిన గేరులోనే దిగాలి, అది డిస్కున్నా తప్పదు.

#6 · గూడూరు_మామ

సరే, ఘాట్ ఒప్పుకున్నా. కావలి నుంచి నెల్లూరు పోయి వచ్చే బండికి చెప్పా నేను.

#7 · పెన్నా_పాస్కల్

మాస్టర్ సిలిండర్ ప్రశ్న ఎవరూ తీసుకోలేదు. అసలు కథ అక్కడే ఉంది.

గర్లింగ్ (ఈ బండ్ల బ్రేకులు చేసిన కంపెనీ) సిలిండర్ ఒంటి మీదే బోర్, అంటే లోపలి వ్యాసం, పోత పోసి ఉంటుంది. 0.625 అనో 0.70 అనో చదువుకోవచ్చు. 0.625 అంగుళం అంటే 15.9 మి.మీ., వైశాల్యం 198 చదరపు మి.మీ. 0.70 అంటే 17.8 మి.మీ., వైశాల్యం 248. అంటే పావు వంతు ఎక్కువ.

ఒక లెక్క వేద్దాం. పెడల్ నిష్పత్తి 5కి 1 అనుకోండి, కాలితో 30 కిలోల బలం పెట్టారు. సిలిండర్ మీద 150 కిలోలు, అంటే 1470 న్యూటన్లు. 0.625 బోర్‌లో లైను ఒత్తిడి 74 బార్. అదే కాలు 0.70లో పెడితే 59 బార్.

ఇప్పుడు కాలిపర్ పిస్టన్ 48 మి.మీ. అనుకోండి. మీదాన్ని వెర్నియర్ పెట్టి కొలుచుకోండి, రకాన్ని బట్టి మారుతుంది. వైశాల్యం 1810, రెండు కాలిపర్లలో నాలుగు పిస్టన్లు. ఒక్కోటి 0.2 మి.మీ. కదలాలంటే 1450 ఘన మి.మీ. ఆయిల్ కావాలి. 0.625 సిలిండర్‌లో దానికి 7.3 మి.మీ. ప్రయాణం, పెడల్ దగ్గర 37 మి.మీ. 0.70లో 5.8 మి.మీ., పెడల్ దగ్గర 29. వెనక డ్రమ్ములకి పోయేది దీని మీద అదనం.

చిన్న బోర్ ఉంచితే తేలిగ్గా పడుతుంది కానీ పెడల్ లోతుకి పోతుంది. పెద్దదేస్తే పెడల్ పైన ఆగుతుంది కానీ గట్టిగా తొక్కాలి. మీ పెడల్ కింద ఎంత చోటుందో దాన్ని బట్టి నిర్ణయం.

#8 · సింగరాయకొండ_స్పీడ్

సింపుల్‌గా చెప్పాలంటే పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే బ్రేక్ పవర్ పెరుగుద్ది. మారుతిది వేసెయ్యండి, యాడైనా దొరుకుద్ది.

#9 · పెన్నా_పాస్కల్

తమ్ముడూ, సరిగ్గా తలకిందులు. పైన లెక్క అదే చెబుతోంది: 74 బార్ కాస్తా 59కి దిగింది. పెడల్ గట్టిగా ఉంటే పవర్ ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. చాలా మారుతి సిలిండర్లు బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) సాయంతో పనిచేసేలా చేసినవి. బూస్టర్ లేకుండా అలాంటిదాన్ని హెరాల్డ్ పెడల్‌కి తగిలిస్తే రాయిని తొక్కినట్టు ఉంటుంది, బండి ఆగదు.

ఇంకోటి. కొన్ని డ్రమ్ము బండ్ల మాస్టర్ సిలిండర్లలో లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది, వీల్ సిలిండర్ కప్పులు లోపలికి గాలి పీల్చకుండా. వేరే బండి సిలిండర్ తెచ్చుకుంటే ఇది ఉందేమో చూడండి. అది డిస్కు లైనులో ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, కావలి దాటేలోపు చక్రం కాలిపోతుంది.

రిజర్వాయర్ కూడా. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొచ్చి అక్కడే ఉంటాయి, ఆ ఖాళీ అంతా ఆయిలే నింపాలి. డ్రమ్ము కాలం నాటి చిన్న డబ్బా అయితే నెలనెలా మూత తీసి చూడక తప్పదు.

#10 · కావలి_హెరాల్డ్

అర్థమైంది పాస్కల్ గారూ. అయితే వెనక? ముందు డిస్కు వేశాక వెనక డ్రమ్ములు ఊరికే ఉంటాయా?

#11 · ఒంగోలు_ఓవర్‌డ్రైవ్

ఊరికే ఉండవు, అదే ప్రమాదం.

దోర్నాల చెప్పాడు చూడండి, లీడింగ్ షూ తనే లాక్కుంటుందని. డిస్కుకి ఆ గుణం లేదు. కాబట్టి అంతే ఆపాలంటే లైనులో ఒత్తిడి ఎక్కువ కావాలి. లైను ఒకటే కదా, ఆ ఎక్కువ ఒత్తిడి వెనక డ్రమ్ములకీ పోతుంది. వెనక చక్రాల మీదేమో ముందు కంటే బరువు తక్కువ. ముందు చక్రాలు ఆగేలోపు వెనకవి లాకై జారతాయి.

హెరాల్డ్‌లో అది ఇంకా చెడ్డది. వెనక స్వింగ్ యాక్సిల్ (రెండు చక్రాలూ విడివిడిగా, లోపలి కీలు మీద పైకీ కిందికీ ఊగేది), పైన అడ్డంగా ఒకే స్ప్రింగు. బ్రేకు పట్టగానే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రాలు కింద లోపలికి ముడుచుకుంటాయి, టైరు అంచు మీద నిలబడుతుంది. అప్పుడు లాకైతే తోక తిరిగిపోతుంది. తర్వాత వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కి ఈ స్వింగ్ యాక్సిల్ లేదు, గట్టి యాక్సిల్. దాని అనుభవం చూసి హెరాల్డ్‌కి చెప్పేవాళ్ల మాట లెక్కలోకి తీసుకోవద్దు.

మందు రెండు రకాలు. వెనక వీల్ సిలిండర్ చిన్నది వెయ్యడం మొదటిది. 0.70 ఉన్నచోట 0.625 వేస్తే వెనక బలం 20 శాతం తగ్గుతుంది. చౌక, కదిలే భాగం లేదు, పాడయ్యేది లేదు. రెండోది వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు, మర తిప్పి సరిచేసుకునేది. అది వెనక లైనులోనే ఉండాలి. ముందు లైనులో పెట్టినవాళ్లూ ఉన్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

పరీక్ష: ఖాళీ రోడ్డు, వెనక సీటు ఖాళీ, పెట్రోలు సగం ట్యాంకు, వేగం 40. గట్టిగా తొక్కండి, బయట ఒకరు నిలబడి ఏ చక్రం మొదట లాకైందో చూడాలి. ముందు చక్రాలే మొదట లాకవ్వాలి, లేదా నాలుగూ దాదాపు ఒక్కసారి. తర్వాత తడి రోడ్డు మీద 30లో మళ్లీ. పదహారో నంబరు హైవే మీద ఈ పరీక్షలు పెట్టొద్దు, వెనక రొయ్యల లారీ ఉంటుంది.

#12 · లేతు_మాస్టర్_ఆటోనగర్

రొయ్యల లారీలంటే గుర్తొచ్చింది. వాటి నుంచి కారే ఉప్పునీళ్లు, పైగా కావలి వైపు సముద్రపు గాలి. ఛాసిస్ వెంబడి పోయే ఇనప బ్రేకు పైపు బయటికి బాగానే ఉంటుంది, క్లిప్పు కింద తినేసి ఉంటుంది. క్లిప్పులన్నీ తీసి చూడండి, చూడటం ఎందుకు, మార్చెయ్యండి. 3/16 అంగుళం, అంటే 4.75 మి.మీ. రాగి-నికెల్ మిశ్రమం పైపు తెచ్చుకోండి. వంచడం తేలిక, తుప్పు లేదు. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే ఉత్త రాగి గొట్టం వద్దు, అదిరి అదిరి చీలుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. పాత గర్లింగ్ సామాను మర 3/8 యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర), అంగుళానికి 24 మరలు. కొత్త బండ్ల సామాను ఎం10, మర దూరం 1 మి.మీ. చూడ్డానికి రెండూ కవలలు. 3/8 అంటే 9.5 మి.మీ., ఎం10 అంటే 10. మర దూరాలు 1.06, 1.00. 3/8 నట్టుని ఎం10 రంధ్రంలో పెడితే హాయిగా వెళ్తుంది, వదులుగా నాలుగు చుట్లు తిరుగుతుంది, బిగించినట్టే అనిపిస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కిన రోజు మరలు ఊడి వస్తాయి. ఎం10 నట్టుని 3/8 రంధ్రంలో పెడితే చుట్టున్నరలో బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే సిలిండర్ పాడు. చేత్తో కనీసం నాలుగు చుట్లు, ఊగకుండా పోవాలి. అప్పుడే పానా పట్టండి, అదీ బ్రేకు పైపు నట్లకి ఉండే ఫ్లేర్ పానా, మామూలు రింగు కాదు.

పైపు చివర వంపు కూడా రెండు రకాలు. రంధ్రం అడుగున కోను పైకి పొడుచుకుని ఉంటే డబుల్ ఫ్లేర్. లోపలికి గుంటగా ఉంటే సింగిల్, ఉబ్బెత్తుగా ఉండేది. తప్పు రకం పెట్టి బిగింపుతో లీకు ఆపాలని చూస్తే సీటు చితికిపోతుంది.

#13 · కావలి_హెరాల్డ్

కాలిపర్లు విప్పి కిరసనాయిల్‌లో కడగొచ్చా మాస్టారూ?

#14 · లేతు_మాస్టర్_ఆటోనగర్

వద్దు వద్దు. కిరసనాయిల్, డీజిల్, పెట్రోల్, ఇంజన్ ఆయిల్, ఏదీ వద్దు. చుక్క మిగిలినా రబ్బరు ఉబ్బుతుంది, పిస్టన్ జామ్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. సీలు ఎక్కించేటప్పుడు ఎర్ర రబ్బరు గ్రీజు లేదా బ్రేక్ ఆయిల్. మామూలు గ్రీజు వద్దు.

పాత డ్రమ్ము ఊడదీసినప్పుడు కంప్రెసర్ గాలి కొట్టొద్దు. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి గుడ్డతో సహా కవర్లో కట్టి పారెయ్యండి. పాత స్టాకు ప్యాడ్లు ఎవరన్నా చౌకగా ఇస్తామన్నా అదే కారణంగా వద్దు.

#15 · ఉలవపాడు_ట్రనియన్

ఇంత రాశారు, ముందు సస్పెన్షన్ అడుగున ఉండే ట్రనియన్ మాట ఎవరూ ఎత్తలేదు. డిస్కుల కోసం నిలువు లింకు విప్పుతున్నారు కాబట్టి ఇదే సమయం.

నిలువు లింకు కింది కొస మర తిప్పినట్టు కంచు ట్రనియన్‌లో కూర్చుంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ మర మీదే తిరుగుతుంది. అక్కడ గేర్ ఆయిల్ పోయాలి, ఈపీ90. గ్రీజు కొడితే కిందిదాకా పోదు, నీళ్లు చేరతాయి, మర మొదట్లో తుప్పు గీత పడుతుంది. అక్కడే లింకు తెగుతుంది, చక్రం అడ్డంగా పడుకుంటుంది. డిస్కు వేశాక ఆ చోట పడే బలం ఇంకా పెరుగుతుంది.

విప్పాక మరలు కిరసనాయిల్‌తో కడిగి (ఇక్కడ కిరసనాయిల్ పర్లేదు) భూతద్దంతో చూడండి. గుంటలు కనబడితే లింకు మార్చాలి, ఇంకో ఆలోచన వద్దు. కుడివైపుది కుడి మర, ఎడమవైపుది ఎడమ మర, తికమక పడొద్దు. ట్రనియన్‌ని చివరిదాకా ఎక్కించి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిరిగేందుకు కావలసినంత వెనక్కి తిప్పాలి. చివరిదాకా బిగించి వదిలేస్తే మొదటి మలుపులోనే మర మీద బలం పడుతుంది.

#16 · ఒంగోలు_ఓవర్‌డ్రైవ్

ట్రనియన్ అన్నకి దండం, అది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

బిగింపులో జారే చోట్లు చెబుతా. హబ్బు బేరింగు: చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బేరింగు కూర్చున్నాక వదులు చేసి, డయల్ గేజీ పెట్టి చూస్తే 0.05 నుంచి 0.20 మి.మీ. ఆట ఉండాలి. గట్టిగా బిగిస్తే బేరింగు కాలుతుంది. వదులైతే డిస్కు అటూ ఇటూ కొట్టుకుని ప్యాడ్లని వెనక్కి తోసేస్తుంది, మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. మళ్లీ డ్రమ్ముల జబ్బే వచ్చిందనుకుని జనం ఆయిల్ మారుస్తూ కూర్చుంటారు. డిస్కు వంకర కూడా అదే గేజీతో అంచు దగ్గర చూడండి, 0.1 మి.మీ. దాటకూడదు. దాటితే ముందు హబ్బు ముఖం మీద తుప్పు పొక్కు ఉందేమో గీకండి, ఆ తర్వాతే డిస్కుని అనుమానించండి.

కాలిపర్లు కుడిఎడమలు మారినా బోల్టులు సరిపోతాయి. అప్పుడు గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన ఇరుక్కుంటుంది, లీటర్లకి లీటర్లు ఆయిల్ పోసినా పెడల్ స్పాంజే. నిపుల్ పైనుండాలి. అంతే.

రబ్బరు పైపు బిగించాక స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, జాకీ మీద చక్రం వేలాడుతుండగా ఒకసారి, కింద దించి ఒకసారి చూడండి. ఎక్కడా టైరుకి తగలకూడదు, లాగినట్టు బిగుసుకోకూడదు.

చక్రం నట్లు 3/8 యూఎన్‌ఎఫ్, 38 నుంచి 42 పౌండు-అడుగులు, అంటే 52 నుంచి 57 న్యూటన్ మీటర్లు. ఇప్పటి కార్లకి ఇంతకి రెట్టింపు బిగిస్తారు. టైరు షాపు గన్ను తగిలిస్తే స్టడ్డు సాగి తెగుతుంది. చేతి పానాతో చాలు.

#17 · పెన్నా_పాస్కల్

ఆయిల్ డాట్ 4. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు పీల్చాక 155కే మరుగుతుంది. మన తీరంలో గాలి తేమ తెలిసిందే. మూత తీసిన డబ్బా నెలల తరబడి షెల్ఫులో పెట్టి వాడొద్దు, రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. డాట్ 5 సిలికాన్ రకం, దీనితో కలవదు. డాట్ 5.1 కలుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోవద్దు.

గాలి తీసే వరస: స్టీరింగ్ కుడి, సిలిండర్ కుడి, కాబట్టి ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. ఒక లీటరు కొనుక్కోండి, అర లీటరుకి పైనే పడుతుంది. వెనక అడ్జస్టర్లు బిగించి ఉంచి గాలి తీస్తే షూలు కదలవు, పని తేలిక. పాత సిలిండర్ అయితే పెడల్ నేల దాకా తొక్కొద్దు, ఎప్పుడూ నడవని చోట తుప్పు ఉంటుంది, కప్పు చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క పెట్టండి.

పుష్‌రాడ్‌కి (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తోసే కడ్డీ) పిస్టన్ దగ్గర 1 మి.మీ. ఆట ఉండాలి. అది లేకపోతే పెడల్ వదిలినా ఆయిల్ రిజర్వాయర్‌కి తిరిగి రాదు. వేడెక్కేకొద్దీ బ్రేకు తనంతట తనే బిగుస్తుంది. సెట్టింగు చల్లగా ఉన్నప్పుడు బాగుండి పది కిలోమీటర్ల తర్వాత బండి బరువెక్కితే మొదట ఇక్కడే చూడండి.

#18 · దోర్నాల_ఘాట్

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా అరగదీయడం: వేగం 50 నుంచి 15కి ఎనిమిది పదిసార్లు, మధ్యలో అర కిలోమీటరు గాలి తగలనివ్వండి. వేడి మీద ఆగి పెడల్ తొక్కి పట్టుకోవద్దు, ప్యాడ్ ఆకారం డిస్కు మీద ముద్ర పడుతుంది, తర్వాత దడదడ.

#19 · ఉలవపాడు_ట్రనియన్

ఒక మాట. డబ్బు ఒకదానికే ఉంటే నేను డిస్కుల కంటే ముందు రెండు గదుల మాస్టర్ సిలిండర్‌కి ఓటేస్తా. ఒకే లైను ఉన్న బండిలో ఒక్క రబ్బరు పైపు పగిలితే నాలుగు చక్రాలూ పోయినట్టే, మిగిలేది హ్యాండ్ బ్రేకు. రెండు లైన్లుంటే ముందో వెనకో ఒకటి మిగులుతుంది. కొనేటప్పుడు ముందు-వెనక విభజనకి చేసినదేనా చూడండి. ముందు చక్రాలు లాగే చాలా కార్లవి ఐమూలగా విడగొట్టినవి, రెండు గదులూ సమానం, కొన్నిటికి వెనక వాల్వులు ఒంట్లోనే ఉంటాయి. అవి ఇక్కడ పనికిరావు.

#20 · గూడూరు_మామ

దీనికి నేనూ ఓటు. ఆర్టీవో ఆఫీసు సంగతి కూడా చూసుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని ఆ కోవలో నమోదు చేయించుకోవచ్చు, వీఏ అక్షరాల నంబరు ఇస్తారు, కొత్త నమోదుకి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదని రాసి ఉంది. ఆ ఆలోచన ఉంటే బ్రేకు మార్పు గురించి ముందే అడిగి, తీసిన డ్రమ్ములు, బ్యాక్‌ప్లేట్లు ఆయిల్ పూసి అటక మీద పెట్టుకోండి. ఛాసిస్‌కి ఎక్కడా కొత్త రంధ్రం పెట్టకుండా, బోల్టు మీద బోల్టు అన్నట్టు జరిగే పనైతే వెనక్కి పోవడం ఒక్కరోజు పని.

#21 · కావలి_హెరాల్డ్

ఈ పూట చూసినవి: మాస్టర్ సిలిండర్ మీద 0.625 అని ఉంది. ముందు కుడి చక్రంలో ఒక అడ్జస్టర్ అసలు తిరగడం లేదు, ఆ వైపు ఒక షూ లైనింగు తడిగా ఉంది. వెనక ఎడమ సిలిండర్ సందులో కదలడం లేదు. పెడల్ కింద కార్పెట్టు తీసేస్తే నేల దాకా 140 మి.మీ. ఉంది. బ్రాకెట్లు లేని ఆ సెట్టు వద్దనుకుంటున్నా.

#22 · లేతు_మాస్టర్_ఆటోనగర్

లాగడానికి కారణం దొరికింది. తడిసిన లైనింగు కడిగితే బాగవ్వదు, ఆయిల్ లోపలికి ఇంకుతుంది. రెండువైపులా జతగా మార్చండి, ఒకవైపు మాత్రమే మారిస్తే మళ్లీ లాగుతుంది. రివిట్లు వేయించేటప్పుడు తలలు లైనింగులో బాగా దిగి ఉండాలి. షూ వంపు మీ డ్రమ్ము వంపుకి అరగదీయించుకోండి. డ్రమ్ము లేతు మీద తీస్తే అసలు కొలత నుంచి 1.5 మి.మీ. దాటకూడదు. జామైన అడ్జస్టర్‌కి రెండు రోజులు పెనెట్రేటింగ్ ఆయిల్ పెట్టండి, వేడి చేస్తే వెనక ఉన్న రబ్బరు పోతుంది.

#23 · పెన్నా_పాస్కల్

0.625కి 140 మి.మీ. ఉంటే డిస్కులొచ్చాక కూడా ముందు అదే సిలిండర్‌తో ప్రయత్నించొచ్చు. 37 ముందుకి, వెనకకి ఇంకో 25 వేసుకున్నా నేలకి సగం మిగులుతుంది. ఆ సగం కంటే కిందికి పోతే అప్పుడు 0.70. వెనక సిలిండర్ బోర్ మీద ఏం రాసుందో అది కూడా ఇక్కడ పెట్టండి.

#24 · కావలి_హెరాల్డ్

వెనక 0.70.

#25 · ఒంగోలు_ఓవర్‌డ్రైవ్

అయితే డిస్కులు వచ్చే రోజున 0.625 వెనక సిలిండర్లు రెండు కూడా అదే పార్సిల్‌లో తెప్పించుకోండి.